బిగుతైన బూటు వెచ్చగా ఉండదు

ఈ శీర్షిక చూసి మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. చిక్కడపల్లిలోనో, నారాయణగూడలోనో, అశోక్ నగర్‌లోనో ఉండి బడికి నడిచి వెళ్ళే పిల్లలకి పాదాలు వెచ్చగా ఉంచుకోవడం గురించి చెప్పడమేమిటి? మన ఊళ్ళో జనవరి తెల్లవారుజామున మహా అయితే ఒక స్వెట్టరు తొడుక్కుంటాం. పదకొండు గంటలయ్యేసరికి అదీ నడుముకి చేరుతుంది. మంచు మీద జారే స్కీ ఆట ఎక్కడ, ఆ ఆటకి వేసుకునే బూట్లు ఎక్కడ, మనమెక్కడ?

అంత దూరమేమీ కాదు. అశోక్ నగర్ నుంచి ఇందిరా పార్కు దాటితే వచ్చే లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు మీద 2004లో స్నోవరల్డ్ తెరిచారు. మండుటెండలో టికెట్టు కొని లోపలికి వెళితే సున్నా డిగ్రీలకి దిగువన చలి, కాళ్ళ కింద మంచు. అది చూసివచ్చినవాళ్ళు మీ ఇళ్ళల్లోనే ఉంటారు. సెలవుల్లో మనాలీకీ గుల్మార్గ్‌కీ వెళ్ళివచ్చే కుటుంబాలు కూడా మన పేటల్లో తక్కువేమీ కాదు. అక్కడ బూట్లు అద్దెకి తీసుకుని మంచులో ఆడతారు, ధైర్యమున్నవాళ్ళు స్కీలు కూడా కట్టుకుంటారు. అన్నిటికంటే ముఖ్యం, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడిన మాలావత్ పూర్ణ మన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామం అమ్మాయి. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆమెతోపాటు శిఖరం చేరిన సాధనపల్లి ఆనంద్ కుమార్ అప్పటి ఖమ్మం జిల్లా కుర్రవాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే, భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకున్నవాళ్ళే. కాబట్టి మంచుతో మనకేం పని అనడానికి వీల్లేదు.

సరే, ఇలాంటి ప్రయాణానికి బయలుదేరే పిల్లలకి ఇంట్లో పెద్దలు ఏం చెబుతారు? "అక్కడ చలి ఎక్కువ నాయనా, మూడు జతల మేజోళ్ళు వేసుకో, బూటు గట్టిగా బిగించుకో" అంటారు. (మేజోళ్ళు అంటే మీ మాటలో సాక్సులు.) పిల్లవాడు కాలు నొప్పి అంటే, "కొంచెం ఓర్చుకో, అదే అలవాటవుతుంది" అని కూడా అంటారు. మొదటి మాటలో ప్రేమ ఉంది గాని శాస్త్రం లేదు. రెండో మాట మొదటిదానికంటే ప్రమాదం. ఈ రెండింటినీ మానుకోవాలని నా వాదన. ఎందుకో వినండి.

అసలు బూటు వేడి పుట్టిస్తుందా? పుట్టించదు. పూర్వం ఐసు అమ్మేవాళ్ళు ఐసు దిమ్మని రంపపు పొట్టులో పెట్టి పైన గోనెపట్టా కప్పేవారు. మీ తాతగారిని అడగండి, చెబుతారు. గోనెపట్టా మనిషికి కప్పితే వెచ్చదనం, ఐసుకి కప్పితే చల్లదనం! అది తనంత తానుగా వేడినీ ఇవ్వదు, చలినీ ఇవ్వదు. వేడిని ఇటు నుంచి అటు పోనివ్వకుండా అడ్డుకుంటుంది, అంతే. ఆ అడ్డుకునే పని కూడా నిజానికి నారది కాదు, నార మధ్య చిక్కుకుని కదలకుండా ఉన్న గాలిది. గాలి అధమ ఉష్ణవాహకమని మీరు చదువుకున్నారు కదా.

1953 మే 29న హిల్లరీ, టెన్సింగ్ ఎవరెస్టు ఎక్కినప్పుడు వాళ్ళు వేసుకున్న ఎత్తుప్రదేశపు బూట్లలో బంధకంగా ఏం కూరారో తెలుసా? కేపాక్ అనే దూది. తెల్లబూరుగు కాయల్లోంచి వచ్చేది. మన అమ్మమ్మల కాలంలో దిండ్లలో, పరుపుల్లో కూరిన బూరుగుదూది లాంటిదే. ఆ దూదిపోగు లోపల గొట్టంలాగా బోలుగా ఉంటుంది, పైన మైనపు పొర ఉండి నీటిని త్వరగా పీల్చదు. ఇన్ని సుగుణాలున్న దూదిని మనం తలకింద పెట్టుకుని నిద్రపోయాం గాని, దాని గురించి క్లాసులో ఏనాడూ మాట్లాడుకోలేదు. అది వేరే విచారం.

ఇప్పుడు ఆ బూరుగుదూది దిండు మీద రోజూ ఎవరో ఒకరు కూర్చుంటున్నారనుకోండి. ఏమవుతుంది? అణిగిపోతుంది, అట్టలా తయారవుతుంది. దూది ఎక్కడికీ పోలేదు, గాలి పోయింది. ఒక జత మేజోళ్ళకి సరిపోయే బూటులో మూడు జతలు కుక్కితే జరిగేది ఇదే. మూడు జతలూ నలిగి, గాలి బయటికి పోయి, మిగిలేది దళసరి గుడ్డ. వేసుకున్నవాడు మాత్రం మూడు వేసుకున్నాను కదా అనే ధీమాతో ఉంటాడు.

ఇంకా అసలు సంగతికి రాలేదు. బూటు వేడి పుట్టించకపోతే పాదానికి వేడి ఎక్కడినుంచి వస్తుంది? రక్తం తెస్తుంది. పాదంలో ఎముకలు, స్నాయువులు, చర్మమే ఎక్కువ. పనిచేసి వేడి పుట్టించే పెద్ద కండరాలు పైన పిక్కల్లో, తొడల్లో ఉన్నాయి. గుండె దగ్గర 37 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్న రక్తం శరీరం పొడవునా దిగివచ్చి వేళ్ళ చివరలకి వెచ్చదనం పంచిపెట్టి వెనక్కి వెళుతుంది. ఆ రక్తం వచ్చే దారిని మీరే తాకి చూడవచ్చు. బూటు, మేజోడు విప్పి కూర్చోండి. కాలి బొటనవేలిని పైకి ఎత్తితే పాదం మీద తాడులాగా ఒక స్నాయువు తేలుతుంది. దానికి చిటికెనవేలి వైపున, పాదం పైభాగం మధ్యలో రెండు వేళ్ళు మెత్తగా ఆనించండి. టిక్ టిక్ మని నాడి కొట్టుకుంటుంది. కొందరికి తేలిగ్గా దొరకదు, అందుకు కంగారు పడనక్కర్లేదు. దొరికినవాళ్ళు గమనించండి, ఆ ధమని చర్మానికి ఎంత దగ్గరగా ఉందో! బూటు లేసు ముడి, స్కీ బూటు బకిల్ వచ్చి నొక్కేది సరిగ్గా ఆ పరిసరాల్లోనే.

నొక్కితే ఎంత తేడా వస్తుంది? 1840 ప్రాంతంలో ప్వాజే అనే ఫ్రెంచి వైద్యుడు సన్నని గాజు గొట్టాలలో ద్రవాలు ఎలా ప్రవహిస్తాయో కొలిచాడు. గొట్టం వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగమవుతుందని మీరు అనుకుంటారు. కాదు, పదహారో వంతు అవుతుంది! వ్యాసార్థాన్ని నాలుగుసార్లు గుణించి లెక్క వేయాలన్నమాట. మన రక్తనాళాలు గాజు గొట్టాలు కావు కాబట్టి ఈ లెక్క అక్షరాలా వర్తించదు. కాని కొంచెం ఇరుకు కూడా చాలా నష్టం చేస్తుందన్న మాట మాత్రం నిలుస్తుంది.

పైగా చలిలో శరీరం తనంతట తానే పాదాలకి రక్తం తగ్గిస్తుంది. ఇంట్లో బియ్యం తక్కువైనప్పుడు ముందు పసిపిల్లలకి పెట్టినట్టు, శరీరం ముందు గుండెకీ మెదడుకీ చూసుకుంటుంది. చేతివేళ్ళ, కాలివేళ్ళ నాళాలు ముడుచుకుపోతాయి. ఇలా ముందే చిక్కిపోయిన దారిని బిగుతు బూటు ఇంకా నొక్కుతుంది. అందుకే అనుభవమున్న స్కీయర్లు పాదాలు చల్లబడితే ముందు ఛాతీకి, తలకి వెచ్చని బట్ట వేసుకుంటారు. మధ్యభాగం వెచ్చగా ఉందని తెలిస్తే శరీరం పాదాల వైపు మళ్ళీ రక్తం వదులుతుంది. కాలు చల్లబడితే టోపీ పెట్టుకోవడం వింతగా ఉంది గాని తర్కం సరైనదే.

మరి స్కీ బూట్లు అంత బిగుతుగా ఎందుకుంటాయని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. స్కీ అంటే కాలికి కట్టుకునే పొడవాటి పలక. మోకాలు, మడమ ఎటు తిరిగితే పలక అటు తిరగాలి. బూటు వదులైతే కాలు ఒక దారి, పలక ఒక దారి. పాతకాలంలో తోలు బూట్లు వాడేవారు, అవి నానిపోయి మెత్తబడేవి. 1960లలో అమెరికాలో బాబ్ లాంగే ప్లాస్టిక్ బూటు తయారుచేసి ఆ బెడద తప్పించాడు. ఆ తర్వాత అందరూ అదే దారి పట్టారు. బయట గట్టి ప్లాస్టిక్ డొల్ల, లోపల మెత్తని అస్తరు బూటు, పైన బకిళ్ళు. నీళ్ళు లోపలికి రావు. కాని లోపలి చెమట బయటికీ పోదు!

ఇందులో తెలుసుకోవలసింది ఏమిటంటే, గట్టిగా పట్టుకోవలసినవి మడమ, చీలమండ మాత్రమే. వేళ్ళు స్వేచ్ఛగా కదలాలి. బూటు వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడకి కొద్దిగా తగులుతాయి. మోకాళ్ళు ముందుకి వంచితే మడమ వెనక్కి జరిగి వేళ్ళకి చోటు దొరుకుతుంది. దొరకకపోతే ఆ బూటు మీది కాదు. మంచి స్కీయర్లు వేసుకునేది ఒకే ఒక్క జత పలచని ఉన్ని మేజోళ్ళు. కొండమీదికి తీసుకుపోయే కుర్చీబండి మీద కూర్చున్న కాసేపు కూడా బకిళ్ళు వదులు చేసి వేళ్ళు ఆడిస్తూ ఉంటారు.

ఉన్నివే ఎందుకు, మనకి అలవాటైన నూలువి ఎందుకు కాదు? ఇక్కడ నీటి సంగతి వస్తుంది. మన శరీరంలో చెమట గ్రంథులు అతి దట్టంగా ఉన్న చోట్లు అరచేతులు, అరికాళ్ళు. బయట మంచు కురుస్తున్నా ఆటలో ఉన్నవాడి అరికాలు చెమట పడుతూనే ఉంటుంది. నూలు ఆ చెమటని పీల్చుకుని తడిసి చర్మానికి అంటుకుపోతుంది. గాలి ఉండవలసిన ఖాళీల్లో నీరు చేరుతుంది. నీరు గాలికంటే ఇరవై రెట్లకి పైగా వేగంగా వేడిని లాగేసుకుంటుంది. ఉన్ని అయితే తన బరువులో దాదాపు మూడో వంతు ఆవిరిని పోగులోపల దాచుకుని కూడా తడిగా అనిపించదు, అణిగిపోదు.

నా మాట నమ్మనక్కర్లేదు, చేసి చూడండి. ఒకే కొలత గల రెండు స్టీలు గ్లాసుల్లో సమానంగా వేడినీళ్ళు పోయండి (పొయ్యి దగ్గర పెద్దవాళ్ళు ఉండాలి). రెండింటికీ నూలు మేజోళ్ళు తొడగండి, ఒకటి పొడిది, ఒకటి తడిపి పిండినది. ఫ్యాను కింద పెట్టి అయిదేసి నిమిషాలకి ఒకసారి థర్మామీటరు చూసి రాసుకోండి. రెండోసారి మందపాటి ఉన్ని మేజోళ్ళు తీసుకుని, ఒకదాన్ని వదులుగా తొడిగి, రెండోదానికి రబ్బరు బ్యాండ్లు దగ్గర దగ్గరగా బిగించి చూడండి. గళ్ళ కాగితం మీద గీతలు గీస్తే మీ సైన్సు మాస్టారికి కూడా చూపించవచ్చు.

ఎవరెస్టు బూట్లకి కూడా ఈ తడి బెడద తప్పలేదు. చివరి గుడారంలో రాత్రి హిల్లరీ తన బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు. తెల్లవారేసరికి అవి రాయిలా గడ్డకట్టాయి. శిఖరానికి బయలుదేరే ముందు ప్రైమస్ స్టవ్వు మీద వాటిని మెత్తబరచుకోవడానికి ఎంతో సమయం పట్టింది. నేటి పర్వతారోహకులు లోపలి అస్తరు బూటుని విడిగా తీసి నిద్రసంచిలో తమ పక్కనే పెట్టుకుని పడుకుంటారు.

ఇంతవరకు చెప్పినది మంచులో వాళ్ళకేనా? జూలై నెలలో మన పేటల సంగతి చూడండి. గట్టి వాన ఒకటి పడితే హుస్సేన్‌సాగర్ నాలా పొంగి అశోక్ నగర్ సందుల్లో నీళ్ళు నిలుస్తాయి. నారాయణగూడ వంతెన కింద పిల్లలు ఆగి, వాన తగ్గగానే ఆ నీళ్ళల్లోనే నడిచి బడికి చేరతారు. నల్ల బూట్లు, నైలాన్ మేజోళ్ళు, లోపల అరగ్లాసు నీళ్ళు. సాయంత్రం నాలుగింటి దాకా అలాగే కూర్చుంటారు. నేను పనిచేసిన ఒక బడిలో తొమ్మిదో తరగతి కుర్రవాడు బెంచి కింద తడి బూట్లు విప్పాడని క్రమశిక్షణ పేరుతో వరండాలో నిలబెట్టారు. విప్పిన అతని పాదాలు నేను చూశాను. వేళ్ళ సందులు తెల్లగా నాని, ముడతలు పడి ఉన్నాయి. అలా రోజుల తరబడి నానితే దురద మొదలై చర్మం చిట్లుతుంది, బూజుజాతి సూక్ష్మజీవులు చేరతాయి. వరినాట్లు వేసే తల్లుల పాదాలు చూసినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు.

వానాకాలం మూడు నెలలు పిల్లలు పట్టీల చెప్పులు వేసుకుని బడికి రావచ్చునని ప్రతి బడీ అనుమతించాలని నా అభిప్రాయం. యూనిఫారం అందం పోతుందని కొందరు తోటి ఉపాధ్యాయులు నాతో వాదించారు. బూట్లలో వచ్చిన పిల్లవాడికీ చెప్పులతో వచ్చిన పిల్లవాడికీ మధ్య తేడా కనబడుతుంది, బీదవాళ్ళు నొచ్చుకుంటారు, అందరికీ బూట్లు ఉంటేనే సమానత్వం అని వాళ్ళ మాట. ఆ మాటలో సబబు లేకపోలేదు. అయితే వానాకాలంలో అందరికీ చెప్పులే అంటే ఆ సమానత్వం ఇంకా చవకగా వస్తుంది కదా! అనుమతి వచ్చేదాకా మీరు చేయగలిగింది, సంచిలో ఒక పొడి జత పెట్టుకోవడం, ఇంటికి రాగానే బూట్లలో పాత వార్తాపత్రిక ఉండలు కుక్కి గంటకోసారి మార్చడం. పొయ్యి పక్కన మాత్రం ఆరబెట్టకండి, తోలు పగులుతుంది.

ఇక ఓర్చుకోమనే సలహా సంగతి. చలిలో పాదం మొదట నొప్పి పెడుతుంది, తర్వాత తిమ్మిరెక్కుతుంది, ఆ తర్వాత మొద్దుబారుతుంది. మొద్దుబారగానే నొప్పి పోతుంది. "అలవాటైపోయింది" అని పిల్లవాడు సంతోషిస్తాడు. నిజానికి అప్పుడే ప్రమాదం మొదలవుతుంది. రక్తం అందని కణజాలం సున్నా డిగ్రీలకి కొంచెం దిగువన గడ్డకడుతుంది. దాన్నే మంచుకాటు అంటారు. 1950 జూన్ 3న అన్నపూర్ణ శిఖరం ఎక్కిన ఫ్రెంచివాళ్ళు మారిస్ ఎర్జోగ్, లూయీ లషనాల్ ఇద్దరూ ప్రాణాలతో దిగివచ్చారు గాని, కాలివేళ్ళు పోగొట్టుకున్నారు.

మొద్దుబారిన కాలిని మంచుతో రుద్దాలని ఎవరైనా చెబితే వినకండి. ఆ సలహా 1812లో నెపోలియన్ సైన్యంతో రష్యా వెళ్ళిన వైద్యుడు లారే నుంచి ప్రచారంలోకి వచ్చింది. సైనికులు గడ్డకట్టిన కాళ్ళని మంట దగ్గర పెట్టి పాడుచేసుకోవడం, కరిగిన కాలు మర్నాడు నడకలో మళ్ళీ గడ్డకట్టి మరింత చెడడం ఆయన చూశాడు. మంటకి ఆయన భయపడినది సబబే, మంచుతో రుద్దమన్నది పొరపాటు. నూరేళ్ళకి పైగా ఆ పొరపాటు పాఠ్యగ్రంథాల్లో నిలిచింది. 1960 ప్రాంతంలో అలాస్కాలో డాక్టర్ విలియం మిల్స్ వంటివారు గోరువెచ్చని నీళ్ళలో త్వరగా వెచ్చబరచడమే మేలని చూపించారు. సుమారు 37 నుంచి 39 డిగ్రీలు, అంటే మోచేయి ముంచితే హాయిగా ఉండే నీళ్ళు. మళ్ళీ చలిలోకి వెళ్ళే పని లేనప్పుడే అలా చేయాలి, ఆ వెంటనే వైద్యుడికి చూపాలి.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు కందకాల్లో నెలల తరబడి చల్లని నీటిలో నిలబడిన సైనికుల పాదాలు, గడ్డకట్టకుండానే, కుళ్ళిపోయాయి. 1914 చలికాలంలో మన భారతీయ సైనికులూ అక్కడ ఉన్నారు. చివరికి సైన్యం కనిపెట్టిన ఉపాయం ఖరీదైన బూటు కాదు. రోజూ మేజోళ్ళు మార్చుకోవాలి, ఇద్దరిద్దరిని జతచేసి ఒకరి పాదాలు ఒకరు చూడాలి, అధికారి స్వయంగా పరీక్షించాలి. తన కాలు బాగానే ఉందని ఎవడైనా అంటాడు. పక్కవాడు చూసి చెబితే నమ్మవచ్చు.

మన పిల్లలు ఇక్కడే వెనకబడతారని నా భయం. క్లాసులో చిన్న నొప్పులు చెప్పుకోకూడదని మేమే నేర్పాం. కాలు కరుస్తోందంటే "కొత్త బూటు కదా, అలాగే ఉంటుంది" అన్నాం. జూన్‌లో కొన్న బూటు మళ్ళీ జూన్ దాకా రావాలని ఇంట్లో లెక్క. మీ పాదం ఆ లెక్క వినదు, ఈ వయసులో అది పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి బూటు కొనడానికి సాయంత్రం పూట వెళ్ళండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. రెండు పాదాలూ కొలిపించండి, ఏది పెద్దదైతే దానికి సరిపోయేది తీసుకోండి.

మనాలీ వెళ్ళినా అంతే. అద్దె దుకాణం అతను తొందరపెడతాడు, వెనక జనం ఉంటారు, నాన్నగారు టాక్సీ ఆగి ఉందంటారు. ఉండనివ్వండి. ఒక జత మేజోళ్ళతో బూటు తొడుక్కుని నిలబడండి, మోకాళ్ళు వంచండి, లోపల అయిదు వేళ్ళూ ఆడించి చూడండి. ఆడకపోతే విప్పి ఇచ్చేసి, "భయ్యా, దూస్రా జోడా దిఖాయియే" అనండి. హైదరాబాదు పిల్లలకి హిందీ రాదని ఎవరూ అనరు.